మూతి కట్టని కుండ

నల్లమ్మ ఎవరినీ నమ్మేది కాదు. బస్సు కండక్టరు ఇచ్చిన టికెట్టును వెలుతురుకు పెట్టి చూసేది. సంతలో తక్కెడ ముల్లును కాక, తక్కెడ పట్టుకున్నవాడి చిటికెన వేలిని చూసేది. ఆకాశంలో మబ్బు పట్టినా, "అది మన మబ్బు కాదులే, యాడికో పోయే మబ్బు" అనేది. మబ్బుల మీద అనుమానం మా అనంతపురం జిల్లాలో అందరికీ ఉండేదే. మిగతావి మాత్రం ఆమె సొంతం.

శింగనమల దగ్గర ఒక ఊళ్లో నేను సైన్సు టీచరుగా చేరిన ఏడాదే మా పాప పుట్టింది. నెలల పిల్లకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది గానీ, బొత్తిగా చిక్కిపోయింది. పాప కాస్త పెరిగి అన్నం ముట్టుకునే వేళకు, "కొర్రమీను పులుసు పట్టమ్మా, నెత్తురు పడుతుంది" అని చుట్టుపక్కల ఆడవాళ్లంతా చెప్పారు. నాకు ఆ చేపల మీద కంటే చెరువు మీద ఎక్కువ అనుమానం. పైనున్న వేరుశనగ చేలల్లో పురుగుమందు కొడతారు. వాన పడితే ఆ నీళ్లన్నీ దిగేది చెరువులోకే. అందుకని నల్లమ్మ గడప ముందు కుండ దించగానే నేను చేప మొప్ప ఎత్తి చూసేదాన్ని. కన్ను నొక్కి చూసేదాన్ని. అంతటితో ఆగక బక్కెట్లో నీళ్లు పోసి చేపను వదిలి, సాయంత్రం దాకా బాగా ఈదితేనే కోసేదాన్ని.

"ఏం టీచరమ్మా, చేపను కొంటాండావా, అల్లుణ్ని ఎతుకుతాండావా?" అంది మొదటిసారి.

"చంటిపిల్లకు పెట్టేది నల్లమ్మా. చూసుకోవద్దా?"

"చూసుకో, చూసుకో. చూడకుండా కొనేటోళ్లంటే నాకూ అనుమానమే. దొంగ దుడ్లేమో అనుకుంటా."

అప్పటినుంచి వారంలో ఒకసారైనా మా ఇంటి ముందు ఆగేది. కూర్చుంటే లేచేది కాదు.

నల్లమ్మది బెస్త కులం. ఆమె మొగుడు ఆదెన్న వల వేస్తాడు. పట్టిన కొర్రమీనును బతికుండగానే కుండలో పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మడం ఆమె పని. కొర్రమీను చచ్చిందంటే దాని విలువ సగం పోయినట్టే. ఆమె కుండలో నీళ్లు సగం కూడా ఉండేవి కావు. మూతి మీద తడి గోనెపట్టా వదులుగా పరచి ఉండేది. ఎండలో ఎంత దూరం నడిచినా, బస్సులో ఎంత కుదిపినా, ఆ మూతిని బిగించి కట్టేది కాదు. ఎందుకంటే కొర్రమీను మధ్య మధ్యలో నీళ్ల పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంది. నీళ్లు తక్కువైనా బతుకుతుంది గానీ, గాలి అందకపోతే బతకదు.

వాళ్ల ఇళ్లలో కొత్తకోడలు మొదట నేర్చుకునేది అదే. పెళ్లయిన మర్నాడు కోడలు చెరువు నుంచి కొర్రమీనున్న కుండను నెత్తిన పెట్టుకొని ఇంటికి రావాలి. గడప దాటేటప్పుడు చేప బతికి ఉండాలి. "మూతి కట్టిన చెయ్యి, పీక పిసికిన చెయ్యి" అని అత్తగార్లు చెబుతారట. నల్లమ్మ కూడా తన కోడలికి ఆ మాట చెప్పే నెత్తికి కుండ ఎత్తింది.

ఆమె ఇంట్లో ఒక కుండపెంకు ఉండేది. దాంతోనే చేపల పొలుసు గీకేది. కత్తి ఉండగా పెంకెందుకని ఒకసారి అడిగాను.

"ఇది ఆంజినప్ప పెంకు," అంది.

చెరువును అంతకుముందు ఏటేటా వేలం వేసేవాళ్లు. టౌను నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి పాడుకునేవాడు. వేలు కూడా దూరని వలలు తెచ్చి, పిల్లాపెద్దా తేడా లేకుండా చెరువును ఊడ్చుకుపోయేవాడు. తూము దగ్గరున్న లోతైన గుంతను బెస్తవాళ్లు గంగమ్మ గుంత అంటారు. ఎండాకాలంలో చెరువంతా ఎండినా ఆ గుంతలో కొంత నీరు నిలుస్తుంది. కొత్తనీళ్లు వచ్చేదాకా అందులో వల వెయ్యకూడదని తాతల నాటి కట్టుబాటు. మరుసటేటికి విత్తనపు చేపలు మిగిలేది అక్కడే. కాంట్రాక్టరు మనుషులు దాన్నీ వదల్లేదు. బెస్తవాళ్లు తమ చెరువులో తామే కూలీలయ్యారు. కాంట్రాక్టరు తరఫున కట్ట మీద కర్ర పట్టుకొని తిరిగేవాడు ఆంజినప్ప. నల్లమ్మ దొంగచేపలు తీసుకుపోతోందని ఒకరోజు ఆమె నెత్తిమీది కుండను కర్రతో కొట్టాడు. కుండ పగిలింది, చేపలు దుమ్ములో పడి కొట్టుకున్నాయి. ఆ కుండ పెంకే అది.

తరవాత బెస్తవాళ్లంతా కలిసి సొసైటీ పెట్టుకున్నారు. దానికోసం ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల చేత వేలిముద్రలు వేయించింది నల్లమ్మే. కాస్త చదువుకున్న తిప్పయ్యను అధ్యక్షుణ్ని చేసుకున్నారు. చేపల శాఖ ఆఫీసువాళ్లు చెరువును సొసైటీకి ఇచ్చారు, కానీ ఒక షరతు మీద. డ్యామ్ దగ్గరున్న చేపపిల్లల ఫారం నుంచి బొచ్చెచేప పిల్లలను తెచ్చి చెరువులో వదలాలి, పెంచి చూపించాలి. అది చేతకాకపోతే చెరువు మళ్లీ వేలానికి పోతుంది.

ఎనభై ఒకటిలో మాకు మంచి వానలు పడ్డాయి. చెరువు నిండుతుండగా చేపపిల్లల కోసం లారీ పోయింది. తిప్పయ్య డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నల్లమ్మ, ఆదెన్న వెనక. ఆమెను పంపడం కొందరికి ఇష్టం లేదు.

"మొగోళ్లు లెక్క చూసుకుంటే సాలదా?" అన్నాడట తిప్పయ్య.

"మొగోళ్లు చూసుకునే గదా చెరువు పోయింది," అందట ఆమె. అంతే, లారీ ఎక్కింది.

మర్నాడు పొద్దున లారీ చెరువుకట్ట మీదికి వచ్చింది. ఆడవాళ్లు పసుపు, కుంకుమ పట్టుకొని నిలబడ్డారు. స్కూలు పిల్లలను తీసుకొని నేనూ వెళ్లాను. కిరసనాయిలు డబ్బాల్లో ప్లాస్టిక్ సంచులు, సంచుల్లో నీళ్లు. జనం ఆత్రంగా డబ్బాలు దించి, సంచులు చీల్చి చెరువులో కుమ్మరించారు. కొంతసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరవాత నీళ్ల మీద తెల్లగా తేలడం మొదలుపెట్టాయి. వేలెడంత పిల్లలు, పొట్టలు పైకి. ఏ డబ్బా విప్పినా అదే. చివర్న దించిన కొన్ని డబ్బాల్లోవి మాత్రం నీళ్లు తగలగానే చురుగ్గా లోపలికి జారిపోయాయి.

ఒక ఆమె చేతిలో పసుపు పళ్లెం అట్లాగే ఉండిపోయింది.

మొదట లేచిన గొంతు నల్లమ్మదే. "ఆంజినప్పరా! వాడే మందు పోసినాడు!"

విషయం ఏమిటంటే, దారిలో ఉరవకొండ దగ్గర టీ కోసం ఆగినప్పుడు ఆంజినప్ప లారీ ఎక్కాడట. ఊరి మనిషే కదా అని డ్రైవరు ఎక్కించుకున్నాడు. వెనక డబ్బాల మీద కూర్చొని వచ్చి, ఊరు రాకముందే దిగిపోయాడు. ఆదెన్న దారి పొడుగునా నిద్రే, నల్లమ్మకూ తెల్లవారుజామున కునుకు పట్టిందట. కాంట్రాక్టరు మనిషి, చేపపిల్లల లారీలో, ఊరికి తెలియకుండా దిగిపోవడం. ఇంకేం కావాలి? ఊరంతా ఒక్క మాట అయింది. నాకూ అదే అనిపించింది. పాపను చంకన వేసుకొని ఇంటికి తిరిగి వచ్చి, ఆ రోజు చెరువు వైపునుంచి తెచ్చిన బిందెడు నీళ్లూ పారబోశాను.

మధ్యాహ్నం నల్లమ్మ ఒక సీసా పట్టుకొని వచ్చింది. అందులో లారీలో వచ్చిన నీళ్లు, ఒక చచ్చిన పిల్ల.

"నీ స్కూల్లో అద్దాలుండాయి గదా టీచరమ్మా. చూసి చెప్పు, ఏం మందో. రేపు చేపల ఇన్‌స్పెక్టరు వస్తాండాడు. ఆంజినప్పను పోలీసులకు పట్టియ్యల్ల. అట్లైతే కాంట్రాక్టరు మళ్లా ఈ చెరువు ముఖం చూడడు, మనకు మళ్లా పిల్లలిస్తారు."

అద్దాల్లో మందు కనిపించదని చెప్పాను. తెలిసిన ఉపాయం ఒక్కటే చేశాను. ఆ నీళ్లను వెడల్పు గాజుపళ్లెంలో పోసి, కాలువలో పట్టించిన రెండు పరిగెలను అందులో వదిలాను. పురుగుమందు ఉంటే అంత చిన్న చేపలు ఎక్కువసేపు ఆగవు. పాప చెయ్యి పెట్టకుండా పళ్లెం మీద జల్లెడ బోర్లించాను.

మర్నాడు నల్లమ్మ వచ్చేసరికి పరిగెలు హాయిగా తిరుగుతున్నాయి.

"మందు లేదు నల్లమ్మా."

ఆమె పళ్లేనికి ముఖం ఆనించి చూసింది. "అయితే ఇంకేందో చేసినాడు. సంచుల్లో చెయ్యి పెట్టి కలబెట్టినాడేమో."

"సంచులు బిగించి కట్టి ఉంటే చెయ్యి ఎట్లా పెడతాడు?"

"బిగించి యాడుండాయి? నేను విప్పి చూసినా గదా."

ఆమె ఆ మాటను నీళ్లు తాగినంత మామూలుగా అంది.

"ఎందుకు విప్పావు?"

"ఎందుకేంది? సంచి ఇంత, నీళ్లు ఇంతే. మిగతాదంతా గాలి. పిల్లల్ని తక్కువ పెట్టి గాలి అమ్ముతాండారేమో అని నాకు అనుమానం. విప్పితే బుస్సుమనె. సరే, పిల్లలైతే ఉండాయి. కానీ టీచరమ్మా, పీక పిసికినట్ల కట్టినారు. మళ్లా అట్ల కట్టేకి నాకు చేతులు రాలే. ఊపిరాడల్ల గదా. వదులుగా చుట్టి పెట్టినా."

నేను మెల్లగా చెప్పాను. సంచిలో నింపింది మామూలు గాలి కాదు, ఆస్పత్రిలో ఊపిరాడని వాళ్లకు పెట్టే గాలి. బొచ్చెపిల్లలు కొర్రమీనులాగా పైకొచ్చి గాలి మింగి బతకలేవు. నీళ్లలో కలిసిన గాలినే మొప్పలతో తీసుకుంటాయి. అన్ని పిల్లలను అంత తక్కువ నీళ్లలో బతికించేది సంచిలో బిగించిన ఆ గాలే.

నల్లమ్మ నా ముఖం వైపు చూసింది. తరవాత నా భుజం మీదుగా వంటింటి వైపు చూసింది.

"ఆంజినప్ప వచ్చినాడా ఈడికి?"

"నల్లమ్మా!"

"ఏం పంపించినాడు? శనక్కాయలా?"

"నువ్వు నమ్మకపోతే నేనేం చేసేది?"

"నమ్మను," అంది. కొంగు విదిలించుకొని గడప దిగింది. నాలుగడుగులు వేసి, దారి మధ్యలో నిలబడిపోయింది. ఎండలో అట్లాగే నిలబడి, ఎంతకీ కదలదు. పాప నా చంకలోంచి ఆమెను పిలుస్తోంది. చివరికి వెనక్కి తిరిగి వచ్చింది.

"బతికినవి ముందరి డబ్బాల్లోవి," అంది. "క్యాబినుకు ఆనుకోని ఉండేవి."

"అయితే?"

"వాడు కూసునింది వాటి మీదే." ఆమె గొంతు తగ్గింది. "నేను వెనకనుంచి విప్పుకుంటా వస్తాంటి. వాడు ఎక్కినాడు. వాడు చూస్తాడని ఆపేస్తి. వాడు కూసున్నవే బతికినాయి, టీచరమ్మా. నేను ముట్టినవన్నీ పోయె."

వాకిలి వైపు ఒకసారి చూసి, "ఈ మాట ఎవురికన్నా చెప్పినావా?" అంది.

"లేదు."

"చెప్తావా?"

నేను నోరు తెరిచేలోగా వెళ్లిపోయింది. చెబుతాననుకుందో, చెప్పననుకుందో నాకిప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం సొసైటీ కొట్టం ముందు జనం పోగయ్యారు. ఆంజినప్పను పట్టుకొచ్చి బండరాయి మీద కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టరు కుర్రవాడు, మోటారు సైకిలు దుమ్ము ముఖం మీదే ఉంది. తిప్పయ్య పోలీసులకివ్వడానికి అర్జీ రాసి పట్టుకున్నాడు.

"చెప్పప్పా, లారీ ఎందుకు ఎక్కితివి?" అన్నాడు తిప్పయ్య.

"కాళ్లు నొచ్చి ఎక్కితి. విమానం దొరకలే."

"ఊరు రాకముందే ఎందుకు దిగితివి?"

"మిమ్మల్ని సూసి. మీ ముఖాలు సూసినోడు ఎవుడైనా దిగుతాడు."

"బీడీ తాగినావా లేదా?"

"తాగినా. బీడీ పొగకు సచ్చేటట్లైతే మీ ఆదెన్న దినామూ తాగుతాడు, ఆయన పెండ్లాం ఇంకా అరుస్తానే ఉండాది గదా."

ఎవరో నవ్వారు. ఎవరో ఆంజినప్ప మీదికి చెయ్యెత్తారు. నేను గుంపు చివర నిలబడి నల్లమ్మ కోసం వెతికాను. ఆమె ఆడవాళ్ల మధ్య, చేతులు కొంగులో దాచుకొని కూర్చొని ఉంది. తిప్పయ్య అర్జీ చదవడం మొదలుపెట్టాడు. రెండు ముక్కలు చదివాడో లేదో, ఆమె లేచింది.

"తిప్పయ్యా, వాణ్ని ఇడిసిపెట్టు."

"ఏందక్కా?"

"వాడు దొంగనే. నా కుండ పగలగొట్టినోడు వాడే. గానీ ఈ చేపల్ని సంపింది వాడు కాదు. సంచులు విప్పింది నేను. దాంతోనే సచ్చినాయి."

ఆదెన్న గబగబా ముందుకొచ్చాడు. "సారూ, దీనికి ఎండ తగిలింది సారూ. పొద్దున్నించీ కూడు తినలే."

తిప్పయ్య పళ్ల బిగువున అన్నాడు. "నోరు మూసుకో అక్కా. చెరువు పోతాది."

"పోతాదని నాకు తెలీదా? పోలీసోళ్లు వచ్చి, వాడు కూసున్న డబ్బాలే ఎట్ల బతికినాయని అడిగితే ఏం చెప్తావు నువ్వు? నాకు వచ్చిన అనుమానం వాళ్లకు రాదా?" ఆమె ఆగి, ఆంజినప్ప వైపు చూడకుండా అంది. "చెయ్యని దానికి తన్నులు తింటే ఎట్లుంటాదో నాకు తెలుసు."

ఆంజినప్ప బండరాయి మీదినుంచి లేచి, తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. అతన్ని అట్లా చూడటం ఊరికి అదే మొదలు.

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సంచులు విప్పకూడదని ఫారంలో ఎవరూ చెప్పలేదా?"

"చెప్పినారేమో సారూ. చెప్తే నమ్మేదాన్నా నేను?"

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఈ ఏడాదికి ఫారంలో పిల్లలు అయిపోయాయన్నాడు. షరతు మార్చడం తన చేతిలో లేదన్నాడు. "మిగిలినవాటినైనా కాపాడుకోండి. ఎండాకాలంలో వలలు వేయించి చూస్తాను. బొచ్చె కనిపించకపోతే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు." అతను వెళ్లిపోయాక, ఇన్‌స్పెక్టరు కాంట్రాక్టరు దగ్గర లంచం తిన్నాడని కొందరు, లేదు నల్లమ్మే తిన్నదని కొందరు అన్నారు.

ఆ తరవాతి నెలలు ఆమెకు మంచివి కావు. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆమె బిందె వెనక తమ బిందె పెట్టేవాళ్లు కాదు. "కాళ్లరిగేటట్లు తిరిగి తెచ్చిన చెరువును నాలుకతో పారేసె," అంది తిప్పయ్య పెళ్లాం అందరూ వింటుండగా. నల్లమ్మ బిందె ఎత్తుకొని పోయింది. ఆ మర్నాటి నుంచి కట్ట మీద తిరగడం మొదలుపెట్టింది.

మూడు వేళ్లు దూరని వల చెరువులో పడకూడదని సొసైటీలో ముందే అనుకున్నారు. అనుకోవడం వేరు, జరగడం వేరు. నల్లమ్మ ఇంటింటికీ పోయి, ఆరేసిన వలల కళ్లలో మూడు వేళ్లు పెట్టి చూసేది. తిట్టేవాళ్లు తిట్టారు. "ముందు నీ మొగుని వల చూసుకోపో" అన్నారు. ఆమె ఇంటికి పోయి ఆదెన్న పాత సన్నవలను తీసి, వాకిట్లో బీరపాదుకు పందిరి కట్టింది. దాని కింద కూర్చొని ఆదెన్న బీడీ కాలుస్తుంటే దారిన పోయేవాళ్లంతా చూశారు. ఆ తరవాత ఇంకెవరూ ఆ మాట అనలేకపోయారు. గంగమ్మ గుంత దగ్గర ఎవరు నిలబడినా, బట్టలు ఉతకడానికి వచ్చిన వాళ్లయినా సరే, ఆమె వెళ్లి పక్కన నిలబడేది.

"చేపలుండాయంటావా నల్లమ్మా?" అని నేను అడిగితే, "నీళ్లను నమ్మకూడదు" అనేది.

ఎండాకాలం వచ్చింది. చెరువు కుంచించుకుపోయింది. గంగమ్మ గుంతను వదిలేసి, దాని పైనున్న మడుగులో ఇన్‌స్పెక్టరు ఎదుట వలలు వేశారు. మొదటి వలలో జెల్లలు, కొర్రమీన్లు. రెండోదానిలో నాచు. నల్లమ్మ వైపు ఎవరూ చూడటం లేదు, అందరూ ఆమెనే చూస్తున్నట్టుంది. మూడో వల లాగుతుంటే ఆదెన్న కాళ్లు బురదలో జారాయి. "బరువుండాదబ్బా!" అని అరిచాడు. వల ఒడ్డుకు వచ్చేసరికి అందులో పెద్ద నోళ్లతో, వెండి పలకల్లాంటి పొలుసులతో బొచ్చెలు. ఒక్కొక్కటీ చంటిపిల్లంత. అంత పెద్ద నీటిలో ఉన్నవి కొన్నే. మేతకు పోటీ లేక అట్లా పెరిగాయి. ఆ సంగతి నేను తరవాత ఆలోచించుకున్నాను. అప్పుడైతే అందరితో పాటు నేనూ కేక వేశాను.

ఇన్‌స్పెక్టరు ఒక చేపను రెండు చేతులతో ఎత్తి, తూకం వెయ్యమన్నాడు. చెరువు సొసైటీకే ఉంటుందని అతను నోటితో చెప్పకముందే తిప్పయ్యకు అర్థమైంది.

గుంపులోంచి ఆంజినప్ప ముందుకొచ్చాడు. "నాకో వాటా ఇయ్యల్ల. నా పిర్రల కింద బతికిన చేపలవి."

అందరూ విరగబడి నవ్వారు. నల్లమ్మ నవ్వలేదు. ఒక బొచ్చెను బండ మీద పెట్టి, తలకాయ నరికి అతని వైపు తోసింది.

"తీస్కో. నా కుండకు ఇంకా నువ్వు బాకీనే."

"ఏమక్కా, ఈసారి సంచులు తెచ్చేకి ఎవురు పోతాండారు?"

"నేనే."

"మళ్లా విప్పి చూస్తావా?"

"నిన్నే విప్పి చూసుంటే సరిపోతాండె ఆ పొద్దు."

ఆమె నిజంగానే మళ్లీ వెళ్లింది. వద్దని సొసైటీలో సగం మంది అన్నా వినలేదు. దారి పొడుగునా రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చుందట. దాహమైనా నీళ్లు తాగలేదట. క్లీనరు తాడు సర్దబోతే, "చెయ్యి తీయ్" అని అరిచిందట. ఇదంతా ఆదెన్న చెప్పాడు. ఆయన కూడా ఈసారి నిద్రపోలేదు. నిద్రపోతే ఆమె తనను అనుమానిస్తుందని భయం.

బొచ్చెలు పట్టిన మర్నాడే ఆమె మా ఇంటికి వచ్చింది. కుండ లేదు. చేప కుండలో పట్టదు, గంపలో తెచ్చింది. పాప అప్పటికి ఇల్లంతా పరుగులు పెడుతోంది, గంప దగ్గరికి వచ్చి చేప కంట్లో వేలు పెట్టబోయింది. నేను పాపను వెనక్కి లాగి, అలవాటు కొద్దీ చేప మొప్ప ఎత్తాను. వెంటనే సిగ్గేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"చూడు, చూడు," అంది నల్లమ్మ, గోడకు ఆనుకొని కూర్చుంటూ. "రెండో పక్క గూడా చూడు. నేనైతే నిన్ను నమ్మి చూడకుండా తీసుకుంటానా?"

నేను చేపను తిరగేసి రెండో మొప్ప కూడా ఎత్తి చూశాను. ఎర్రగా ఉంది.